పొయ్యి రాళ్లు మేడెక్కిన రోజు

కోదాడలో కట్టుకున్న కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాడు, సుగుణ చాప చుట్టి గోడకు ఆనించే లోపే మున్సిపల్ ఆఫీసు నుంచి తనిఖీకి అధికారి వచ్చింది. పేరు యమున. వయసులో సుగుణ కూతురు దేవిక కంటే చిన్నదే. వచ్చీ రాగానే ముందు పైకి వెళ్లింది. రెండు అంతస్తుల్లోని గదులు, వసారాలు, మొదటి అంతస్తులోని వంటగది అన్నీ టేపు పెట్టి కొలిచి, చేతిలోని ప్లానుతో సరిచూసుకుని, తృప్తిగా తలూపుతూ దిగింది. కింద మాత్రం ఆగిపోయింది.

స్తంభాల మధ్య ఖాళీగా ఉండవలసిన ఆ కింది జాగాలో, ఆగ్నేయ మూలన, మూడు నల్లరాళ్ల చుట్టూ ఇటుకలు పేర్చి, మట్టి మెత్తి, పసుపుకుంకుమలు పెట్టిన పెద్ద కట్టెల పొయ్యి ఉంది. గాలి తగలకుండా దానికి అటూ ఇటూ రేకులు నిలబెట్టి ఉన్నాయి. పక్కన కట్టెల మోపు, అన్నం గుండిగలు, ఇంకా చుట్టని ఒక చాప, ఆ చాప మీద కళ్లు నులుముకుంటూ, వంటలో సుగుణకు తోడుండే జమ్లీ.

"ఇదేంటమ్మా?" అంది యమున.

"పొయ్యి మేడం," అంది సుగుణ. అంత చదువుకున్న పిల్ల అంత తేలిక ప్రశ్న ఎందుకడిగిందో ఆమెకు అర్థం కాలేదు.

"ఇది ప్లాన్‌లో పార్కింగ్ అమ్మా. బండ్లు పెట్టుకునే చోటు. ఇక్కడ పొయ్యి ఉండకూడదు, ఈ రేకులూ ఉండకూడదు." ఆమె చూపు చాప మీదికి మళ్లింది. "ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే ఇక్కడ ఉంటున్నారా?"

"అయ్యో, ఉంటలేం మేడం. నిద్ర చేస్తున్నం."

"నిద్రపోతే ఉన్నట్టు కాదా?"

"ఎట్లయితది?" జమ్లీ లేచి కూర్చుని జుట్టు ముడేసుకుంది. "ఉండుడంటె సామాను దిగాలె మేడం. పాలు పొంగిచ్చినంక మూడు నిద్రలు చెయ్యాలె గద, లేకుంటె ఇల్లు చిన్నబోతది. మీ ఇంట్ల చెయ్యరా?"

యమునకు నవ్వు ఆగలేదు. "చేస్తామమ్మా. సర్టిఫికెట్ వచ్చాక చేస్తాం."

ఇల్లు కట్టడానికి ఒక అనుమతి ఉంటుందని సుగుణకు తెలుసు. దాని కోసం దేవిక ఎంత తిరిగిందో కళ్లారా చూసింది. కట్టిన ఇంట్లో కాలు పెట్టడానికి ఇంకో అనుమతి ఉంటుందనీ, ఇల్లు ప్లాను ప్రకారమే లేచిందో లేదో చూసి గాని అది ఇవ్వరనీ కూడా దేవిక చెప్పింది. కానీ సుగుణ లెక్కలో ఇంట్లో కాలు పెట్టడానికి కావలసింది ముహూర్తం. పంతులు గారు మంచిరోజు చెప్పారు. ఆ రోజు దాటితే మళ్లీ మూఢం. కాగితం వెనకాముందూ రావచ్చు, ముహూర్తం రాదు కదా అనుకుంది.

"ఇన్నేండ్లు కిరాయి జాగలల్ల ఇంటిగలోళ్లను అడిగి పొయ్యి పెట్టిన," అంది, గొంతులోకి వస్తున్న కోపాన్ని మర్యాద కింద దాస్తూ. "సొంతింట్ల పెట్టుకునేతందుకు గూడ ఒకరిని అడగాల్నా మేడం?"

"నన్ను అడగక్కర్లేదమ్మా. అటు చూడండి." యమున మెట్ల వైపు చూపించింది. పొయ్యికీ మొదటి మెట్టుకూ మధ్య మనిషి పడుకునేంత ఎడం కూడా లేదు. "పైన మీ హాస్టల్లో ఉండబోయే ఆడపిల్లలందరికీ దిగడానికి ఉన్నది ఆ ఒక్క దారే. దాని మొదట్లో మీరు నిప్పు పెట్టారు. పైన అంతా చక్కగా ఉంది. కింద ఉన్నది ఉన్నట్టు రాయక నాకు తప్పదు. ఇది తీసేసి ఫొటోలు పంపించండి, మళ్లీ వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఇక్కడ పడుకోకండి."

ఆమె వెళ్లిపోయాక సుగుణ పొయ్యి ముందే కూలబడింది. కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. హాస్టల్లో చేరతామన్న ఆడపిల్లలు తెరిచేనాటికి పెట్టెలు పట్టుకుని దిగుతారు. సర్టిఫికెట్ లేనిదే పక్కా కరెంటు రాదు, హాస్టల్‌కు లైసెన్సు రాదు. తలుపులు మూసి ఉంటే ఆ పిల్లలు వీధి చివర ఇంకో హాస్టల్ చూసుకుంటారు. కాలేజీ రోడ్డులో ఇన్నాళ్లు మెస్ నడిపిన రేకుల షెడ్డును కూడా ఖాళీ చేయమని దాని యజమాని ముందే చెప్పేశాడు. అక్కడ కాంప్లెక్స్ వస్తుందట. అంటే ఉన్న చూరు పోతుంది, కట్టుకున్న కప్పు కిందికి రానివ్వరు. అన్నం వండి బతికిన మనిషికి వండేందుకు చోటు లేకుండా పోతుంది. అడ్డం వచ్చిందల్లా ఈ మూడు రాళ్లు.

ఆ రాళ్లు సుగుణ పుట్టిన ఊరు నడిగూడెంవి. పెళ్లయిన కొత్తలో, భర్త గోపాల్‌కు మిర్యాలగూడ రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పని దొరికినప్పుడు, చేని గట్టు మీద పొయ్యిగా పెట్టుకున్న ఆ మూడింటినీ సుగుణ తల్లి గోనెసంచిలో వేసి బస్సెక్కించింది. "పరాయూళ్ల ఎవరన్న ఉప్పిస్తరు, పప్పిస్తరు. పొయ్యి ఎవ్వరియ్యరు బిడ్డా," అంది. కండక్టర్ సంచి ఎత్తబోయి, "ఏందమ్మా, ఊరు మొత్తం మోసుకపోతున్నవా?" అని తిట్టాడు. అవును, ఒక రకంగా ఊరినే మోసుకుపోయింది.

మిర్యాలగూడ అంటే ఆమెకు ఇప్పటికీ ముందు వాసన గుర్తొస్తుంది. తొట్లలో నానిన వడ్లు ఆవిరికి ఉడికేటప్పుడు వచ్చే ఆ పులిసిన, తియ్యటి వాసన చీర కొంగుకు పట్టి పండగ నాటికి కూడా వదిలేది కాదు. మిల్లు వెనక గోడవారన వాళ్లకు ఒక గది ఇచ్చారు. దాని ముందు రాళ్లు పెట్టి ఇద్దరికి వండుకునేది. గోపాల్ తింటుంటే చూసిన హమాలీలు, "వదినె, రేపు మాకు గూడ ఒక ముద్ద" అనడంతో ఆ గిన్నె పెద్దదయింది. ఒకరి తర్వాత ఒకరు అదే మాట అడగడంతో మిల్లులో సగం మందికి ఆమె వంటే అన్నమైంది. పని దిగిన మనిషి ముందు పొగ కోసం చూస్తాడని ఆమె అక్కడే నేర్చుకుంది. పొగ లేస్తుంటే అడుగులు వాటంతట అవే ఇటు తిరిగేవి. పొయ్యి నలుగురికీ కనబడాలన్నది ఆనాటి నుంచీ ఆమె పట్టుదల.

మిల్లు యజమాని వెంకటనారాయణ గారు తక్కువ మాటల మనిషి. ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి గారిది ఆ లోటంతా పూడ్చే నోరు. మడి చీరతోనే మిల్లు ఆవరణంతా తిరిగేది. బస్తాలు ఎక్కడ పేర్చినా పట్టించుకునేది కాదు గాని, లారీ గేటు దారిలో ఒక్క బస్తా కనబడితే మాత్రం ఆమె అరుపు బజారుకు వినిపించేది. "దార్ల పెట్టినవేందిరా మైసయ్యా! దారంటె నడిచేతందుకా, నీ బస్తాలు నిద్రపోయేతందుకా?" మైసయ్య హమాలీల పెద్ద. వంగి బస్తా ఎత్తుకుంటూ, "అమ్మగారికి దారి పిచ్చి పట్టింది," అని సుగుణతో గొణిగేవాడు.

మిల్లులో కొత్త యంత్రాలు దిగి గోపాల్ పని పోయాక, రాళ్లు మళ్లీ సంచిలోకి ఎక్కి సూర్యాపేటలో దిగాయి. బస్సుల రద్దీ ఉన్న రోడ్డు వారన, ఒక పాత ఇంటి పంచలో ఆమె మెస్ పెట్టింది. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే డ్రైవర్లు, కోర్టు పనికి వచ్చిన పల్లెటూరి వాళ్లు, చివ్వెంల వైపు నుంచి బడికి వచ్చే పిల్లలు, అందరూ ఆమె బల్లల మీదే తినేవారు. జమ్లీ దొరికింది కూడా అక్కడే. తండా నుంచి కట్టెలు అమ్మడానికి వచ్చి, వంట చూసి, "అక్కా, నీ పప్పుల కారం సచ్చిపోయింది, నేను చేస్త సూడు," అని గరిటె లాక్కుని ఇక వదల్లేదు. తర్వాత పెద్ద రోడ్డు ఊరి పక్కనుంచి పోయింది. బస్సులు ఆగడం తగ్గి, డ్రైవర్లు మొహం చాటేశారు. అప్పుడు కోదాడ. మాటలో సగం ఆంధ్ర కలిసిన ఆ ఊళ్లో, ఇంజనీరింగ్ పిల్లలు మొదటి రోజే "ఆంటీ, గోంగూర లేదా?" అని అడిగితే, సుగుణ ఆ రాళ్ల మీదే గోంగూర ఉడికించడం మొదలుపెట్టింది.

ప్రతిసారీ పద్ధతి ఒక్కటే. ఊరు వదిలే పొద్దున పొయ్యి పూర్తిగా చల్లారాక, ఎవరినీ ముట్టనివ్వకుండా, తన చేతులతోనే మట్టి గీకి రాళ్లు తీసేది. కడిగి పసుపు రాసి సంచిలో వేసేది. కొత్త చోట దింపాక మొదట పాలు, తర్వాత అన్నం. అందుకే సొంతింటి పాలు గ్యాసు పొయ్యి మీద పొంగించడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు. పైన పలకల గోడల వంటగదిలో కట్టెలు కాల్చే వీలు లేదు. కింద ఈ మూలైతే వీధికి కనబడుతుంది, పొగ లేస్తే కాలేజీ నుంచి వచ్చే పిల్లలకు తెలుస్తుంది. మేస్త్రీ వెళ్లిపోయాక, దేవిక చూడకుండా, తను, జమ్లీ, గోపాల్ కలిసి కట్టుకున్న పొయ్యి అది.

బయట మోపెడ్ ఆగిన చప్పుడయింది. సంగతి విన్న గోపాల్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత మోపెడ్‌ను లోపలికి తోసుకొచ్చి, పొయ్యికి అడ్డంగా నిలబెట్టి, దాని మీద పాత దుప్పటి కప్పి, వెనక్కి జరిగి చూసుకున్నాడు.

"తియ్యి ఫొటో," అన్నాడు. "బండి ఉన్నది. బండి ఉంటె పార్కింగే గద!"

"దుప్పటి కిందికెల్లి పొగ వస్తున్నది సూడయ్యా," అంది జమ్లీ. "బండి ఇంజను కాలిపోయిందనుకుంటరు."

సంగతి తెలిసి అప్పుడే వచ్చిన దేవిక దుప్పటి లాగి పడేసింది. ఆమె ఊళ్లోనే బడిపంతులమ్మ. ప్లాను గీయించడం, దరఖాస్తులు పెట్టడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. "నాయినా, ఆ మేడం మళ్లొచ్చి చూస్తదట. దుప్పటి కప్పుకొని ఎన్నాళ్లు కూసుంటది మోపెడ్?" అని, తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నాకు చెప్పకుంట ఎందుకు కట్టినవ్? పైన అంత మంచి కిచెన్ పెట్టిస్తె!"

"నీ కిచెన్ల అన్నం ఉడికితె వీధికి తెలుస్తదా?"

"వీధికెందుకు తెలవాలె? మెసేజ్ పెడితె పిల్లలకు తెలుస్తది."

"అన్నం అయిందని మెసేజ్ పెడతరా?" సుగుణ నిజంగానే ఆశ్చర్యపోయింది. "అన్నం అయిందంటె పిలవాలె గాని!"

"రేపు ఇద్దరు కూలీలను తోలుతా. గడ్డపారతోని గంటల ఖతం చేస్తరు."

"పాలు పొంగిన పొయ్యి మీద గడ్డపార వెయ్యనియ్య." ఆ మాట అని సుగుణ లేచి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

కింద జమ్లీ, కోపాలు చల్లారడానికి టీ మంచిదని, పొయ్యిలో రెండు కట్టెలు ఎగదోసింది. కట్టెలు పచ్చివి. వీధి వైపు నుంచి గాలి తిరిగింది.

సుగుణ రెండో అంతస్తు వసారాలో నిలబడి ఉంది. పిల్లల కోసం వేయించిన మంచాలు గదుల్లో వరసగా కనబడుతున్నాయి. మొదట కళ్లు మండాయి. తిరిగి చూస్తే మెట్ల దారిలోంచి పొగ లేచి వస్తోంది. వీధిలోకి పోవలసిన పొగ, పిల్లలను అన్నానికి పిలవవలసిన పొగ, గొట్టంలోంచి వచ్చినట్టు మెట్లమీదుగా ఎక్కి వసారా నిండా పరుచుకుంది. దిగబోతే మెట్టు కనబడలేదు. చేత్తో గోడ తడుముకుంది.

ఆ తడుముకోవడం ఆమెకు కొత్త కాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మిర్యాలగూడ మిల్లులో ఊక కుప్ప అంటుకుంది. మంట కంటే ముందు పొగ వచ్చింది. గోడవార గదిలో చంటిబిడ్డ దేవికను పక్కలో వేసుకుని సుగుణ కునుకు తీస్తోంది. లేచేసరికి పట్టపగలే చీకటి. బిడ్డను గుండెకు అదుముకుని, గోడ తడుముకుంటూ, గోడ అయిపోయాక గేటు ఎటో గుర్తు చేసుకుంటూ పరుగెత్తింది. చుట్టూ హమాలీలు పరుగెత్తుతున్నారు, ఎవరూ కనబడడం లేదు. అంతమందిలో ఏ ఒక్కరి కాలికీ ఏదీ తగల్లేదు. గేటు దారి నున్నగా, ఖాళీగా ఉంది. రోడ్డు మీద పడి ఊపిరి పీల్చుకున్నాక మైసయ్య ఆమె పక్కన కూర్చుని దగ్గుతూ, "అమ్మగారి పిచ్చే బతికిచ్చింది చెల్లె," అన్నాడు. స్వరాజ్యలక్ష్మి గారు మాత్రం రోడ్డు అవతల నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ, అందరూ పలికాక గాని కింద కూర్చోలేదు.

ఆ రోజు ఆ దారిలో ఒక్క బస్తా ఉంటే? తను బోర్లా పడి ఉండేది. చేతుల్లో బిడ్డ ఉంది.

సుగుణ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఒక్కో మెట్టే కాలితో వెతుక్కుంటూ దిగింది. కిందకు వచ్చి, జమ్లీ చేతిలోని టీ గిన్నె పక్కకు తప్పించి, చెంబెడు నీళ్లు కట్టెల మీద పోసింది. బుస్సుమంది.

"అక్కా! టీ మరగలే ఇంక!"

"మరగకున్న మంచిదే," అంది సుగుణ. ఎదురుగా బిత్తరపోయి చూస్తున్న దేవికను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది. ఆనాటి బిడ్డకు ఇప్పుడు కణతల దగ్గర ఒక నెరిసిన వెంట్రుక. "కూలీలను తోలకు బిడ్డా. రేపు పొద్దుగాల నేనే తీస్త."

గోపాల్ నమ్మలేదు. "మూడు నిద్రలన్న కానియ్యరాదే. పాలు పొంగిన పొయ్యిని పగలగొడితె మంచిదేనా?"

"పగలగొడుతున్ననని ఎవరన్నరు? ఇన్ని ఊర్లు తిరిగినం, ఎప్పుడన్న పగలగొట్టినమా? ఇల్లు మారుతున్నం, అంతే."

"ఏ ఇంటికి?"

సుగుణ చూపుడు వేలు పైకెత్తింది.

ఆ రాత్రి వాళ్లు పాత షెడ్డులోనే పడుకున్నారు. మిగిలిన రెండు నిద్రల సంగతి జమ్లీ ఎత్తితే, "సర్టిఫికెట్ వచ్చినంక చేద్దాం, ఇల్లు యాడికి పోతది," అంది సుగుణ. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే స్నానం చేసి, చల్లారిన పొయ్యి ముందు కూర్చుని, మట్టి గీకింది. మిర్యాలగూడలో గీకినప్పుడు గోళ్లలో ఊక బూడిద దూరింది. సూర్యాపేటలో గీకినప్పుడు జమ్లీ ఏడ్చింది. ఇప్పుడు మట్టి ఇంకా పచ్చిగానే ఉండి, అడక్కుండానే ఊడి వచ్చింది. రాళ్లు మూడూ కడిగి పసుపు రాసింది. నడిగూడెం నుంచి వచ్చినప్పుడు వాటికి ఉన్న కోణాలు ఎప్పుడో అరిగి గుండ్రమయ్యాయి. ఒక వైపు ఎంత కడిగినా పోని నలుపు.

సంచి అవసరం లేకపోయింది. ఒకటి తను, ఒకటి జమ్లీ, ఒకటి గోపాల్ ఎత్తుకున్నారు. ఇన్నేళ్లలో ఇంత దగ్గరి ప్రయాణం ఆ రాళ్లు చేయలేదు. సగం మెట్లలో గోపాల్ ఆగి ఆయాసపడుతూ, "మీ అమ్మ బండరాళ్లు గాక గులకరాళ్లిస్తె ఏం పోయేది?" అన్నాడు. ఎక్కడో నడిగూడెం బస్టాండులో సంచి మూతి బిగిస్తున్న తల్లి కనబడి, సుగుణ మెట్టు మీదే ఒక నిమిషం కూర్చుండిపోయింది. గోపాల్ తొందరపెట్టలేదు.

పైన గ్యాసు పొయ్యి పక్కన ఆ రాళ్లకు ఏం పని ఉంటుందని దేవిక అడగబోయి ఊరుకుంది. వాటి పని సుగుణకు తెలుసు. గంజి వార్చేటప్పుడు అంత పెద్ద గుండిగ వంచితే ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. తూము పక్కన ఆ మూడింటినీ చేర్చి, ఖాళీ గుండిగ వంచి చూసింది. కదలకుండా నిలబడింది.

రేకులు తీసేసి, నేల కడిగి, దేవిక ఫొటోలు పంపింది. యమున మళ్లీ వచ్చింది. ఖాళీ జాగాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, పొయ్యి ఉన్న చోట నేల మీద మిగిలిన నల్లటి మచ్చ దగ్గర ఆగింది.

"కష్టంగా అనిపించిందా అమ్మా?" అంది మెల్లగా.

"అనిపియ్యదా మేడం? రాళ్లు తీస్తుంటె మా అమ్మ యాదికొచ్చింది." సుగుణ మెట్ల వైపు చూసింది. "ఈ ఖాళీ దారి చూస్తె ఇంకొకామె యాదికొచ్చింది."

సర్టిఫికెట్ వచ్చిన రోజు దేవిక బడి నుంచే ఫోన్ చేసి, ఈ కట్టడంలో నివసించవచ్చునని రాసిన వాక్యాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. ఆ రాత్రీ, తర్వాతి రాత్రీ సుగుణ, గోపాల్, జమ్లీ ముగ్గురూ పైన వంటగది ముందు పడుకుని బాకీ పడ్డ నిద్రలు తీర్చుకున్నారు. కాలేజీలు తెరిచేనాటికి మంచాలన్నిటి మీదా దుప్పట్లు పరిచి ఉన్నాయి.

పిల్లలు దిగిన మొదటి సాయంత్రం పొగ లేదు. బదులుగా కింది నుంచి ఒక గొంతు వచ్చింది, కోదాడ యాసలో: "ఆంటీ! అన్నం అయిందా అండీ?" సుగుణ వంటగది కిటికీలోంచి తల బయటపెట్టి, "అయింది, రాండ్రి!" అని వీధంతా వినేట్టు పిలిచింది.

పిలిచిన తల అలాగే ఆగింది. మిర్యాలగూడ నుంచి బియ్యం తెచ్చిన ఆటో అతను, మోయలేక, ఒక బస్తాను మొదటి మెట్టు ముందు దింపి చెమట తుడుచుకుంటున్నాడు.

"దార్ల పెట్టినవేంది తమ్మీ!" సుగుణ గొంతు లేచింది. "దారంటె నడిచేతందుకా, నీ బస్తా నిద్రపోయేతందుకా? తియ్యి, ముందు తియ్యి!"

అతను ఉలిక్కిపడి బస్తా భుజానికెత్తాడు. వంటగదిలో పళ్లాలు తుడుస్తున్న గోపాల్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది.

"ఏమే," అన్నాడు, నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ. "అమ్మగారు ఎప్పుడొచ్చిన్రు?"